జిమ్మీ తోక ఊపని ఆదివారము



కుక్క తోకను గూర్చి పాస్టరుగారు వ్యాసము వ్రాయుట ఏమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఒకప్పుడైతే మేమును నవ్వియుండేవారమే. అయితే ఒక డిసెంబరు నెలలో మా ఇంటి కుక్క తోక మూలముగా మేము ఒక తప్పు చేశాము. ఆ తప్పు దిద్దుకొనబోయిన చోట, కుక్కలున్న ప్రతి ఇంటికి తెలియవలసిన సంగతులు కొన్ని తెలిశాయి. గనుక వ్రాస్తున్నాము.

మా కుక్క పేరు జిమ్మీ. జాతి కుక్క ఏమీ కాదు, ఊరకుక్కే. ఒక వానాకాలము మందిరము మెట్ల ప్రక్కన వణుకుతూ ఉంటే మా చిన్నవాడు ఇంట్లోకి తెచ్చాడు. అప్పటినుండి ఆదివారము ఉదయము మేము బైబిలు పట్టుకొని గడప దాటగానే తోకతోపాటు నడుమంతా ఊపుతూ మాకు ముందు నడుస్తుంది. ఆరాధన ముగిసేవరకు వేపచెట్టు క్రింద పడుకుంటుంది. ఆ ఆదివారము మేము బయటకు వస్తే లేచినది గాని తోక కదపలేదు. తోక మొదట్లో రెండంగుళాలు అడ్డముగా నిలిచి, అక్కడనుండి తడిసిన తాడులాగా వ్రేలాడుతున్నది. పిలిస్తే చెవులు కదిపినది, మా వైపు చూచినది, అంతే. మా భార్య తోక ముట్టుకుంటే కుయ్యిమన్నది. "దీన్ని ఎవరో కొట్టారండీ" అన్నది ఆమె.

మా వీధి చివర పదకొండేళ్ళ పిల్లవాడు ఒకడున్నాడు. వాడు కుక్కలమీద రాళ్ళు వేయుట మేము రెండుసార్లు చూశాము. ఆరాధన కాగానే, చెప్పులు తొడుక్కుంటున్న పదిమంది ఎదుట, "ఏరా, జిమ్మీని ఏం చేశావు?" అని గద్దించాము. "నేనేం చేయలేదండి అయ్యగారూ" అన్నాడు. "మందిరం దగ్గర అబద్ధమాడకు" అన్నాము. వాళ్ళ అమ్మ కూలికి పోయే మనిషి, ఎప్పుడూ చివరి చాపమీద కూర్చుంటుంది. ఒక్క మాటైనా అనక వాడి చేయి పట్టుకొని తీసుకుపోయినది. ఆ మధ్యాహ్నము మేము కడుపునిండా అన్నము తిన్నాము. సాయంత్రము, ఎముకేదైనా గుచ్చుకొన్నదేమోనని జిమ్మీ నోరు తెరిచి వేళ్ళు పెట్టి చూశాము.

సోమవారము జిమ్మీని ఆటోలో గోనెసంచి మీద కూర్చోబెట్టి మండల కేంద్రములోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరమ్మగారు తోక మొదలు నొక్కి చూచి, వెన్ను తడిమి, "ఇది మొన్నగానీ ఈత కొట్టిందాండీ?" అని అడిగారు. లేదని మేము చెప్పబోతుండగా, వెంట వచ్చిన మా చిన్నవాడు తల వంచుకొని, "శనివారం కాలవలో కొట్టింది నాన్నగారూ" అన్నాడు. క్రిస్మసుకు జిమ్మీకి కూడా స్నానము చేయించాలని పిల్లలు నలుగురు దానిని చలినీళ్ళలోకి దించి, కర్ర విసిరి తెమ్మంటూ గంటసేపు ఆడించారట. ఆదివారము మేము ఆ పిల్లవాణ్ణి గద్దిస్తున్నప్పుడు మావాడు పది అడుగుల దూరములోనే నిలబడియున్నాడు. దెబ్బలు తనకు పడతాయని నోరు మెదపలేదు.

డాక్టరమ్మగారు ఓపికగా చెప్పారు. కుక్క ఈదేటప్పుడు తోక చుక్కానివలె పనిచేస్తుందట. అలవాటు లేని కుక్క చలినీళ్ళలో ఎక్కువసేపు ఈదితే తోక మొదట్లోని కండరములు బెణికి వాస్తాయి. మరునాటికి తోక లేవదు. దీనిని లింబర్ టెయిల్ అనీ, కోల్డ్ టెయిల్ అనీ అంటారు. స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము వారు లాబ్రడార్ కుక్కలలో ఈ జబ్బును పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములలో కూడా ఈతకు, పనికి వెళ్ళే కుక్కలకు ఇది ఎక్కువని తేలినది. చాలావరకు కొద్ది రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది. తోకను లాగకూడదు, తైలము పెట్టి రుద్దకూడదు. మన ఒళ్ళునొప్పుల మాత్రలు అసలే వేయకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండములను పాడుచేస్తాయి. "పాపమని సగం మాత్ర వేశామండీ" అంటూ కుక్కలను తెచ్చేవారు ఉన్నారని ఆమె వాపోయారు.

తోక ఊపకపోవుట అంతా ఈతవలననే కాదు. బండి చక్రము క్రింద తోక పడితే లోపలి నరములు తెగవచ్చును. అటువంటి కుక్క మూత్రము పోయలేకపోతుంటే ఆ పూటే తీసుకురావాలి. తోక క్రింద పుండులో పురుగులు పట్టుట మన పల్లెలలో మామూలే, బొచ్చు తొలగించి చూస్తేగాని కనబడదు. పిడుదులు ఎక్కువైతే వచ్చే జ్వరములో కుక్క తిండి మాని మూల పడుకుంటుంది. దెబ్బలు తిని భయపడిన కుక్క తోకను కాళ్ళ మధ్య ముడుచుకుంటుంది, అది వేరు. ఇంకొక మాట. తోక ఊపుట ఎల్లప్పుడు సంతోషము కాదు. బిగుసుకొని నిలబడి తోక పైకెత్తి గట్టిగా ఊపే కుక్క కరవవచ్చును. 2007లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు ముప్పది కుక్కలను పరీక్షించగా, యజమానిని చూచినప్పుడు తోక కుడివైపుకు ఎక్కువగాను, తమను బెదిరించే కొత్త కుక్కను చూచినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగాను ఊపాయట. ఇవన్నీ విని మేము ఆశ్చర్యపోయాము.

అయితే ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము తరువాతి మాట. నోట్లో వేళ్ళు పెట్టి చూశామని చెప్పగానే డాక్టరమ్మగారి ముఖము మారిపోయినది. "దీనికి రేబీస్ టీకా వేయించారా?" అన్నారు. మార్చి నెలలో వేయించిన చీటీ మా సంచిలో ఉన్నది. దానిని చూచాక గాని ఆమె కుర్చీలో కూర్చోలేదు. పిచ్చికుక్క అంటే అందరినీ తరిమి కరిచేదే అని మనము అనుకుంటాము. కరవని పిచ్చియు ఉన్నది. అటువంటి కుక్క నిశ్శబ్దముగా ఉంటుంది, పలకరిస్తే పలకదు, చీకటి మూల చూచుకుంటుంది. క్రింది దవడ వ్రేలాడుతుంది, చొంగ కారుతుంది, నీళ్ళు మ్రింగలేదు, వెనుక కాళ్ళు పడిపోతాయి. కొద్ది రోజులలో చనిపోతుంది. గొంతులో ఎముక ఇరుక్కున్నదని జాలిపడి ఇంటివారు నోట్లో చేయి పెడతారు. వేలిమీద చిన్న గీత ఉన్నా చాలు, ఆ చొంగ లోనికి పోతుంది.

రేబీస్ మనిషిలో బయటపడిన తరువాత బ్రతుకుట లేదనే చెప్పాలి. బయటపడకముందు ఆపుట మాత్రము మన చేతిలో ఉన్నది. కరిచినా, గీరినా, పుండుమీద నాకినా, సబ్బుతో పారే నీళ్ళ క్రింద పదిహేను నిమిషములు కడగాలి. కారము, సున్నము, ఆకుపసరు పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే టీకా ఉచితముగా వేస్తారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. రక్తము వచ్చిన గాయమైతే గాయములోనే ఇంకొక మందు కూడా ఎక్కిస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇంకా భయపడే పెద్దలున్నారు. ఆ పాత మందు మన దేశములో 2005 నుండి లేదు. ఇప్పటి టీకా చేతికే వేస్తారు.

ఇక్కడ మా మనస్సులోని మాట చెప్పాలి. కుక్క కరిచిన బిడ్డలను ప్రార్థనకని మా దగ్గరకు తెస్తారు. నూనె రాసి ప్రార్థించి పంపితే చాలునని కొందరి నమ్మిక, మంత్రము వేయించుకొనుటకన్న ఇది మేలని కొందరి సమాధానము. మేము ప్రార్థన చేస్తాము. అయితే ఆసుపత్రికి పోయే ఆటోలో కూర్చొని చేస్తాము. గాయము కడిగే సబ్బును, టీకాను తృణీకరించుట విశ్వాసమని మేము ఎక్కడా చదువలేదు. 1885 జూలై 6న పారిస్ నగరములో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు మొదటి సూది వేయించాడు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు. మన పిల్లలెందుకు చావాలి?

ఆటోలో తిరిగి వస్తుండగా సంఖ్యాకాండము 22వ అధ్యాయములోని గాడిద జ్ఞాపకమునకు వచ్చినది. ఎన్నడూ మొరాయించని జంతువు దారి తప్పితే, ఎందుకని చూడక బిలాము మూడుసార్లు కొట్టాడు. మేము జిమ్మీని కొట్టలేదు. ఇంకొకరి బిడ్డను మాటతో కొట్టాము. మా చిన్నవాడు దారిపొడవునా మాట్లాడలేదు, మేమును వాణ్ణి ఏమీ అనలేకపోయాము.

ఆ సాయంత్రము వాణ్ణి వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్ళాము. "పోనీలెండి అయ్యగారూ, పిల్లలన్నాక" అన్నది ఆ తల్లి. పిల్లవాడు లోపలినుండి రాలేదు. పదిమంది ఎదుట అన్న మాట ఇంట్లో చెప్పుకుంటే పోదు గనుక, వచ్చే ఆదివారము ప్రకటనల సమయములో మందిరములో నిలబడి తప్పు ఒప్పుకున్నాము. మా చిన్నవాడు కూడా లేచి చెప్పాడు. ఆ తల్లి తల దించుకొని వింటున్నది. పిల్లవాడు ఆ రోజు మందిరమునకు రాలేదు.

జిమ్మీ తోక గురువారమునాటికే సగము లేచినది, మరుసటి సోమవారమునకు మామూలైనది. క్రిస్మసుకు ముందు రాత్రి కేరల్స్ పాడుతూ వారి గుమ్మము దగ్గరకు వెళ్ళేసరికి, డోలకు చప్పుడుకు వాడు బయటకు వచ్చి అరుగుమీద నిలబడ్డాడు. జిమ్మీ మమ్మల్ని దాటిపోయి వాడి కాళ్ళ దగ్గర తోక ఊపుతూ తిరిగినది. వాడు వంగి దాని మెడ నిమిరాడు. మా వైపు చూడలేదు. మా చిన్నవాడు తన చేతిలోని తాళాలు వాడికిచ్చాడు. తీసుకున్నాడు. మేము తరువాతి పాట ఎత్తుకున్నాము.