పట్టాలు పీకిన 64 ఏళ్లకు రైలు

కువైట్‌లోని జాబ్రియాలో ఉండే మనవాళ్లలో ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి తెలియనివారు అరుదు. ఆ ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ కువైట్ పాలకుడు షేక్ ముబారక్ దగ్గరికి 1900లో జర్మన్లు వచ్చారు. బాగ్దాద్ రైలు మార్గాన్ని కువైట్ తీరందాకా తెచ్చి, కాజ్మా దగ్గర చివరి స్టేషన్ కడతామన్నారు. ఆయన కుదరదన్నారు. తమను అడగకుండా పరాయివాళ్లకు నేల ఇవ్వనని అంతకుముందు ఏడాదే బ్రిటిషువారికి మాటిచ్చి ఉన్నారు మరి! కువైట్‌లో ఇప్పటికీ ప్రయాణికుల రైలు లేదు. గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపే 2,117 కిలోమీటర్ల మార్గం వస్తుందని మాత్రం ఏళ్లుగా వింటున్నాం.

కువైట్‌లో ఇళ్లలోనూ, కార్ల స్టీరింగుల దగ్గరా కష్టపడేవారిలో కోనసీమ, రాయచోటి, రాజంపేట వాళ్లు ఎందరో. వింతల్లో వాళ్ల ఊళ్ల రైళ్లూ తీసిపోవు. కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి వరిచేల మధ్య 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. పన్నెండేళ్లు నడిచిందో లేదో, 1940లో పట్టాలు పీకేశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఇనుముకు గిరాకీ. మళ్లీ రైలు వచ్చింది 2004లో! కోనసీమ రైలు కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి ఆ రోజు చూడలేదు, 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. తిరిగి వచ్చిందీ పూర్తి రైలేం కాదు, ఒకే పెట్టె రైలుబస్సు. గేటు వస్తే ఆగేది, సిబ్బంది దిగి గేటు వేసేవారు, బండి దాటాక తీసి మళ్లీ ఎక్కేవారు. బొబ్బిలి–సాలూరు మధ్యా ఇలాంటి రైలుబస్సే తిరిగింది. ఇంత తీరిగ్గా నడిచిన రైలు ఇంకెక్కడ దొరుకుతుంది?

మన జిల్లాల బయట చూస్తే, మహారాష్ట్ర పత్తి పొలాల్లోని శకుంతల రైలుది మరో వింత. 1921లో మాంచెస్టర్‌లో తయారైన దాని ఆవిరి ఇంజను 1923 నుంచి 1994 దాకా లాగింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ లైను ఒక ప్రైవేటు కంపెనీ సొత్తే.

ఇక మళ్లీ మన వైపు వస్తే, కోటిపల్లి నుంచి గోదావరి పాయలు దాటి నర్సాపురం వెళ్లాల్సిన 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. కడప–బెంగళూరు లైను 2008–09లో మంజూరై, కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు వచ్చి ఆగింది. ఈ రెండు లైన్ల దారిలో ఉన్న అమలాపురానికీ, రాయచోటికీ ఇంకా రైలు రాలేదు.