ఆ మెస్‌కి వన్ స్టార్ పెట్టింది నేనే: మా విజయనగరం ఇంటి భోజనం వెనకాల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూ మొదలుపెట్టాల్సి వస్తోంది. మామూలుగా ఏదో ఒక టాపిక్ తీసుకుని మీకు వివరిస్తుంటాను కదా, ఈసారి నాకే ఒకళ్ళు వివరించాల్సి వచ్చింది. ముందు జరిగింది చెప్తాను. ఆ తర్వాత ఎందుకు జరిగిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొన్న మార్చిలో హైదరాబాద్ నుంచి మా ఆఫీస్ ఫ్రెండ్స్ ముగ్గురు పెళ్ళికని విజయనగరం వచ్చారు. ఒకడిది నెల్లూరు, ఒకమ్మాయిది వరంగల్, ఇంకొకడిది భీమవరం. నాదేమో విజయనగరమే. ఇంక ఆగుతానా? "మా ఊరి భోజనం తినిపిస్తా, లైఫ్‌లో మర్చిపోరు" అని గొప్పలు పోయాను. కోట చూశాం, గంటస్తంభం దగ్గర ఫోటోలు దిగాం, అలా తిరిగి తిరిగి మెస్‌కి చేరేసరికి మధ్యాహ్నం మూడుకి పావు తక్కువ. మేప్‌లో చూస్తే రాత్రి పది దాకా తెరిచి ఉంటుందని ఉంది. ఇంక తొందరేముంది అనుకున్నాను.

చిన్న సందులో ఆరు బల్లలు వేసిన గది. మెనూ కార్డు లేదు. వండేది ఒకావిడ, వడ్డించేది ఆవిడ భర్త. ఆవిడని అందరూ "అప్పా" అంటారు. మా వైపు అప్ప అంటే అక్క. మమ్మల్ని చూడగానే, "ఏటి బావూ, ఇంతాలిస్యం? సరే, ఉన్నది పెడతాను, కూసోండి" అంది.

అన్నం, పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన ఆనపకాయ పులుసు, చారు, మజ్జిగ. రెండో కూర అయిపోయిందట. నెల్లూరోడు పులుసు కలుపుకుని, "ఏంది మామా ఇది, తియ్యగా ఉండాది?" అన్నాడు. వరంగల్ అమ్మాయి కూర నోట్లో పెట్టుకుని, "చేదున్నదిరా" అంది. నేనూ తిన్నాను. నిజమే, చేదుగానే ఉంది. నా పరువు పోయింది. కారెక్కగానే ఫోన్ తీసి ఒక స్టార్ ఇచ్చి, "చేదు కూర, తియ్యటి పులుసు, కూరలు లేవు, టైమ్ వేస్ట్" అని రాసేశాను. అందరం నవ్వుకున్నాం. పది సెకన్ల పని.

జూన్‌లో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళినప్పుడు, చిన్నప్పటి ఫ్రెండ్ ఒకడు పన్నెండున్నరకల్లా నన్ను అదే మెస్‌కి లాక్కెళ్ళాడు. ఆ రోజు ఆవ పెట్టిన అరటికాయ కూర. మొదటి ముద్దకే ఘాటు ముక్కులోకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేదన్న మాటే లేదు. అదే చెయ్యి, అదే వంట. మరి మార్చిలో ఏమైంది?

కూర ఎందుకు చేదయింది?

ఆవ పెట్టడం అంటే తాలింపులో ఆవాలు వెయ్యడం కాదు. పచ్చి ఆవాలని నీళ్ళు చిలకరించి మెత్తగా నూరి, కూర దించేశాక ఆ ముద్ద కలుపుతారు. ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ ఉంది. పొడి ఆవగింజని అలాగే నోట్లో వేసుకోండి, ముందు ఘాటేమీ ఉండదు. ఆవాల్లో సినిగ్రిన్ అనే పదార్థం ఒక చోట, మిరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. నూరినప్పుడు, నీళ్ళు తగిలినప్పుడు ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టే ఆవనూనె ఘాటే మన ముక్కులోకి ఎక్కేది.

కానీ ఆ ఘాటు గాల్లో కలిసిపోయే రకం. వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. ఘాటు పోయాక వెనకాల దాక్కున్న చేదు పైకొస్తుంది. అందుకే మా అమ్మ కూడా, "పొయ్యి మీద ఉండగా ఆవ వెయ్యకు, చేదెక్కిపోద్ది" అంటుంది.

ఆ రోజు మేం వెళ్ళేసరికి కూర చల్లారిపోయింది. ఊరి నుంచి వచ్చిన పిల్లలకి చల్లటి కూర ఏం పెడతాంలే అని అప్ప దాన్ని మళ్ళీ వేడి చేసిందట. ఆలస్యం మాది. ఆవిడేమో మర్యాద చేసింది. నేను స్టార్ కోసింది ఆ మర్యాదకి. ఇలాంటి కూర పార్సిల్ కట్టించుకుని రాత్రి ఓవెన్‌లో పెట్టుకుంటే కూడా ఇదే అవుతుంది.

పులుసు ఎందుకు తియ్యగా ఉంది?

ఆ తీపి మా వైపు రుచే. ఇక్కడ పులుసులోనే కాదు, కొన్ని కూరల్లో కూడా చిన్న బెల్లం ముక్క పడుతుంది. మా వైపే అనకాపల్లి ఉంది, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. చెరకు మీద అక్కడ 1913 నుంచి పరిశోధన కేంద్రం కూడా ఉంది. చేతికి అందేదే వంటలోకి వస్తుంది.

అయితే ఆ బెల్లం స్వీట్ చెయ్యడానికి కాదు. చింతపండు పులుపు గొంతుకి గుచ్చుకోకుండా పట్టి ఉంచడానికి. నెల్లూరు చేపల పులుసుకి అలవాటైన నాలుకకి ఇది వింతగానే ఉంటుంది. అలాగే నువ్వులు. విజయనగరం, శ్రీకాకుళం పొలాల్లో నువ్వులు బాగా వేస్తారు, అందుకే మా బీరకాయలో, చిక్కుడుకాయలో వేయించిన నువ్వుల పొడి పడుతుంది. శ్రీకాకుళం దాటి ఉద్దానం వైపు వెళ్తే కొబ్బరి, జీడిమామిడి, పనస. పలాస జీడిపప్పు మీకు తెలుసు కదా, అక్కడ జీడిపప్పుని నేరుగా కూరే వండేస్తారు. "ఆంధ్రా మీల్స్" అని ఒకే బోర్డు కింద పెట్టేస్తాం గానీ, నూట యాభై కిలోమీటర్లకోసారి రుచి మారిపోతుంది.

మెనూ ఎందుకు లేదు? కూర ఎందుకు అయిపోయింది?

ఎందుకంటే మెనూ రాసేది పొద్దున్న మార్కెట్. ఏది లేతగా ఉంటే అది, ఏది చవగ్గా ఉంటే అది. పనసపొట్టునే తీసుకోండి. లేత పనసకాయ చెక్కు తీసి, జిగురు అంటకుండా చేతులకి, కత్తికి నూనె రాసుకుని, సన్నగా పొట్టులా కొట్టాలి. దొరికేదేమో వేసవి ముందు కొన్ని వారాలే.

పైగా ఎంత వండాలన్నది ప్రతిరోజూ ఒక అంచనా. అన్నం తక్కువైతే అరగంటలో మళ్ళీ వండచ్చు. కూర అలా కాదు. ఎక్కువ వండితే సాయంత్రం పారబొయ్యాలి, పెద్ద ఫ్రిజ్‌లు ఉండవు, రేపు వాడరు. ఆ రోజు లాభం మొత్తం ఆ మిగిలిన గిన్నెలో పోతుంది. అందుకని కొంచెం తక్కువకే వండుతారు. ఒంటిగంటకి వెళ్ళినవాడికి రెండు కూరలు, మూడింటికి వెళ్ళినవాడికి ఒకటి.

ఇది కొత్త వ్యాపారం కాదు

మెస్ అన్న మాట కొత్తదే. మన మాట పూటకూళ్ళు. కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళిల్లు. విజయనగరంలో అన్నిటికంటే ఫేమస్ మెస్ ఓనర్ ఎవరో తెలుసా? కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. గురజాడ అప్పారావు గారి నాటకం. 1892లో మా ఊళ్ళోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి మళ్ళీ అచ్చు వేశారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదే.

నాటకం మొదలయ్యేసరికే గిరీశం ఒక పని చేసి ఉంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని, ఆ డబ్బు మధురవాణి కోసం ఖర్చు పెట్టేస్తాడు. తర్వాత ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తే మంచం కింద దూరతాడు. మనం పడీ పడీ నవ్వుతాం. కానీ ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఆ రోజుల్లో విధవరాలికి సొంతంగా బతకడానికి ఉన్న దారులు ఎన్ని? ఆ ఇరవై రూపాయలు రాబోయే రోజుల బియ్యం, పప్పు, చింతపండు. అది పోతే పొయ్యి ఆగిపోతుంది.

చిన్న మెస్‌కి పెట్టుబడి రెండే. ఒకటి రేపటి సామాను డబ్బు, రెండోది ఊళ్ళో ఉన్న మంచి పేరు. గిరీశం మొదటిది తినేశాడు. నేను రెండోది తినేశాను.

ఒక్క స్టార్ ఎంత?

జూన్‌లో ఆ అరటికాయ కూర తింటుంటే అప్ప కూతురు నీళ్ళు పెట్టడానికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. మా చేతుల్లో ఫోన్లు చూసి అడిగింది: "అన్నయ్యా, మేప్‌లో ఎవరో వన్ స్టార్ పెట్టారు, అది తియ్యడం అవుతుందా? మునుపు పరీక్షలు రాయడానికి వచ్చినవాళ్ళు, పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళు మేప్ చూసి వచ్చేవారు. ఈమధ్య తగ్గిపోయారు."

నా ముద్ద గొంతులో ఆగిపోయింది. ప్రొఫైల్‌లో నా పేరు ఉండదు, ఏదో గేమ్ పేరు పెట్టుకున్నాను. కాబట్టి వాళ్ళకి తెలీదు.

లెక్క చూడండి. అప్పటికి ఆ మెస్‌కి ఉన్నవి తొమ్మిది రేటింగ్‌లు. ఎనిమిది ఐదులు, ఒక నాలుగు. మొత్తం 44, తొమ్మిదితో భాగిస్తే 4.9. నా ఒకటి కలిపితే 45, పదితో భాగిస్తే 4.5. ఒక్క వేలితో 0.4 పడగొట్టాను. అదే 4.2 రేటింగ్‌తో రెండు వేల రివ్యూలున్న పెద్ద హోటల్‌కి నేను వన్ స్టార్ ఇస్తే ఏమవుతుంది? 4.2 అలాగే ఉంటుంది. వాళ్ళకి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా రేటింగ్ ఒకటే కాదు, పైన కనిపించే మొదటి మాట నాదే. "చేదు కూర."

మరి ఎప్పుడూ ఫైవ్ స్టారే ఇవ్వాలా? అలా అనట్లేదు. శుభ్రం లేకపోతే, మోసం చేస్తే కచ్చితంగా రాయండి. కానీ నేను రాసింది ఆ మెస్ గురించి కాదు. ఫ్రెండ్స్ ముందు పోయిన నా పరువు గురించి.

ఆ పూట నేను ఏమీ చెప్పలేదు. బిల్లు కట్టి వచ్చేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పదిన్నరకి వెళ్ళి, కూరలు తరుగుతున్న అప్పకి చెప్పేశాను, అది రాసింది నేనేనని. కూతురు నా వైపు చూసిన చూపు ఇక్కడ చెప్పలేను. అప్ప మాత్రం కత్తిపీట మీంచి తలెత్తి, "అదేటి బావూ, బాగోకపోతే ఆ పూటే నాతో సెప్పాల కదేటి? ఇంకో గరిటె మజ్జిగైనా ఏసేదాన్ని" అంది. అంతే. మళ్ళీ తరుక్కుంటూ కూచుంది. తిట్టినా బాగుండేది.

అక్కడే కూర్చుని రివ్యూ తీసేశాను. మనం రాసింది మనం ఎప్పుడైనా మార్చచ్చు, తీసెయ్యచ్చు. తర్వాత మేప్‌లో టైమింగ్స్ సరిచెయ్యమని పంపాను. ఆ "రాత్రి పది" ఎవరు పెట్టారో వాళ్ళకే తెలీదు, అసలు రాత్రి పూట మెస్సే ఉండదు. ఇలాంటి మార్పు ఎవరైనా పంపచ్చు, ఓనరే కానక్కర్లేదు. మూడు నెలల్లో రాకుండా పోయిన వాళ్ళని మాత్రం వెనక్కి తేలేను.

కాబట్టి ఫ్రెండ్స్‌తో ఇలాంటి చోటికి వెళ్ళేటప్పుడు నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. నలుగురైదుగురు వెళ్తుంటే పొద్దున్నే ఫోన్ చేసి ఎంతమందో చెప్పండి, ఆ అంచనాలో మీరూ ఉంటారు. ఒంటిగంట లోపు కూర్చోండి. మెనూ అడక్కండి, "ఈపూట ఏటి కూర?" అని అడగండి. నచ్చకపోతే ముందు మనిషికి చెప్పండి, ఫోన్‌కి తర్వాత చెప్పచ్చు.

నెల్లూరోడు మళ్ళీ వస్తానన్నాడు. ఈసారి పన్నెండున్నరకే తీసుకెళ్తాను. పులుసు తియ్యగానే ఉంటుందిరా అని ముందే చెప్పేశాను.

మీ ఊళ్ళో బోర్డు కూడా లేని ఇలాంటి మెస్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం వెళ్ళి తినండి. మేప్‌లో దాని టైమింగ్స్ కరెక్ట్‌గా ఉన్నాయో లేదో కూడా చూడండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.