గడువు దాటిన దరఖాస్తు

విశాఖపట్నంలో ఓడరేవు పనుల మీద, ఉక్కు కర్మాగారపు జీతాల మీద ఆధారపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట్లో డిగ్రీ ముగించిన అబ్బాయి గాని, అమ్మాయి గాని ‘ఇంకా చదువుకుంటాను’ అన్నప్పుడు పెద్దలకు రెండే దారులు కనిపిస్తాయి: చదువు మాన్పించడం, లేదా బ్యాంకు రుణం తీసుకోవడం. వడ్డీని హరామ్‌గా ఎంచే కుటుంబానికి రెండో దారి మూసుకుపోయినట్టే. మూడో దారి కూడా ఒకటున్నదని, అది అప్పూ కాదు, భిక్షా కాదు, ప్రతిభకు దక్కే భృతి అని గుర్తుచేయడమే మా ఉద్దేశం.

ఈ నగరానికి సంబంధించిన పాత సంగతి ఒకటి చెప్పుకుందాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసిన ఒక యువకుడు అక్కడే పరిశోధన చేయాలని ఉపకారవేతనానికి దరఖాస్తు చేశాడు. గడువు దాటి చేరిందని దానిని తిరస్కరించారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళిన అతను, 1941లో అక్కడి భారతీయ గణాంక సంస్థలో చేరాడు. ఆయనే సి.ఆర్.రావు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొందిన మహామేధావి. ఆయనకు మరో తలుపు తెరుచుకుంది. గడువు దాటిన ప్రతి విద్యార్థికీ అలా తెరుచుకోదు.

మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది. ఈ నష్టం చిన్నది కాదు. దాని పునరుద్ధరణను కోరడం మన హక్కు. అయితే ఆ తలుపు మూతపడిందన్న నిరాశలో, అందరికీ తెరిచి ఉన్న తలుపులను చేజార్చుకోవడం వివేకం కాదు.

వాటిలో మొదటిది యు.జి.సి. నెట్. దీని ద్వారా జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికై పిహెచ్.డి.లో చేరినవారికి తొలి రెండేళ్ళు నెలకు రూ. 37,000, ఆ తరువాత రూ. 42,000 చొప్పున లభిస్తుంది. ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్ళు. స్త్రీలకు 5 ఏళ్ళ సడలింపు ఉంది. పీజీ చివరి సంవత్సరంలో ఉన్నవారూ పరీక్ష రాయవచ్చు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు సి.ఎస్.ఐ.ఆర్. నెట్ ఉంది. ఆ సంస్థకు చెందిన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. కూతుర్ని దూరం పంపడానికి సంకోచించే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

ఇంజనీరింగ్ విద్యార్థులు మూడో సంవత్సరంలోనే గేట్ రాయవచ్చు. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దానితో ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదిత కళాశాలలో ఎం.టెక్. చేరి, అర్హత పొందినవారికి నెలకు రూ. 12,400 అందుతుంది. ఇతర పీజీ విద్యార్థులకు యు.జి.సి. జాతీయ ఉపకారవేతనం ఏడాదికి పది నెలలపాటు నెలకు రూ. 15,000 ఇస్తుంది. విదేశీ విద్యకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, కామన్వెల్త్, ఎరాస్మస్ ముండుస్ వంటివి ఉన్నాయి. వీటి దరఖాస్తుల గడువు చదువు మొదలు కావడానికి చాలా నెలల ముందే ముగుస్తుంది. అందుకే డిగ్రీ చేతికి వచ్చాక కాదు, చివరి సంవత్సరం ఆరంభంలోనే సన్నాహం మొదలుపెట్టాలి.

పత్రాల విషయంలో ఒక హెచ్చరిక. రాష్ట్ర బి.సి. జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. మన రాష్ట్రంలో బి.సి. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర పథకాలలో ఆ సడలింపు వర్తిస్తుందని అనుకోరాదు. మీ వర్గం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ముందే చూసుకోండి. ఆధార్‌లోనూ, పదో తరగతి ధ్రువపత్రంలోనూ పేరు ఒకే విధంగా ఉండేలా సరిచేయించుకోండి.

విద్యార్థికి భృతి ఇచ్చి చదివించడం మన చరిత్రకు కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో బగ్దాద్‌లోని నిజామియా మదరసా వక్ఫ్ ఆదాయంతో విద్యార్థులను పోషించింది. నేడు ప్రతి మస్జిద్ కమిటీ అంత చేయలేకపోవచ్చు. కాని దరఖాస్తుల తేదీలను గోడకు అంటించగలదు. ఫీజు కట్టలేని బిడ్డకు ఫీజు కట్టగలదు. నెట్ నెగ్గిన అన్నయ్యనో, అక్కయ్యనో పిలిపించి చిన్నవారికి దారి చెప్పించగలదు. ఇంట్లో తల్లిదండ్రులు పెళ్ళి ఖర్చుల లెక్కతోపాటు ఈ తేదీల లెక్కా రాసిపెట్టుకోవాలి.

అర్హత ఉండి కూడా సమాచారం అందక ఒక్క బిడ్డ ఆగిపోయినా, అందులో మనందరి బాధ్యతా ఉంది. మన పిల్లల కృషిని అల్లాహ్ సఫలం చేయుగాక!