పచ్చబారిన బాకు పాతసామాను కాదు

నాగటి కర్రుకో, బావి తవ్వే గునపానికో ఒక్కోసారి పాత బాకు తగులుతుంది. దానికి ఎర్రని తుప్పు కాక పచ్చని చిలుము పట్టి ఉంటే అది ఉక్కుది కాదు. రాగిదో, కంచుదో అయి ఉంటుంది. ఇటువంటి వాటిలో కొన్ని మన దేశంలో ఇనుము వాడుక పెరగక ముందువి. తూకానికి అమ్మితే వచ్చేది కొద్ది రూపాయలు, పోయేది వేల ఏళ్ల చరిత్ర.

ఉత్తరప్రదేశ్‌లోని సినౌలీలో 2005లో పొలం చదును చేస్తుండగా పాత సమాధుల జాడ బయటపడింది. 2018 తవ్వకాల్లో అక్కడే రాగి కత్తులు, రాగి తాపడం చేసిన బండ్లు దొరికాయి. అవి సుమారు 4,000 ఏళ్ల నాటివని అంచనా. ఒకప్పుడు హైదరాబాదు రాజ్యంలో ఉన్న రాయచూరు జిల్లా కల్లూరులోనూ రాగి కత్తులు దొరికాయి. వీటి పిడి చివర మిడత మీసాల్లా రెండు కొమ్ములు చీలి ఉంటాయి.

గుర్తించడం ఎలా?

రాగి, కంచు బాకులు అయస్కాంతానికి అంటుకోవు. పాత చిలుము లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ఊడివచ్చే పచ్చదనాన్ని అనుమానించాలి. ఆమ్లం పూసి పాతదనం తెప్పించే నకిలీలూ ఉన్నాయి. అయితే అయస్కాంతానికి అంటుకున్నవన్నీ మామూలు ఇనుమువీ కావు. 1621లో జలంధరు ప్రాంతంలో పడిన ఉల్క ఇనుము మూడు పాళ్లు, మామూలు ఇనుము ఒక పాలు కలిపి జహంగీరు చక్రవర్తి కత్తులు, బాకు చేయించాడు. వాటిలో ఒక చురకత్తి నేడు అమెరికాలోని వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

చింతపండు వద్దు

దొరికిన బాకును చింతపండుతో తోమరాదు, ఆకురాయి పెట్టరాదు. చిలుముతోపాటు వయసు చెప్పే ఆనవాళ్లూ పోతాయి. పక్కన ఉన్న కుండపెంకులు, ఎముకలు కదిలించకుండా, ఎంత లోతున దొరికిందో రాసి ఉంచాలి.

భూమిలో దొరికిన నిక్షేపం విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దాచిపెడితే వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. హక్కుదారు లేని నిక్షేపమని తేలి, వేరే ఒప్పందం లేకపోతే దొరికినవారికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు చెందుతుంది. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు అందులో అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. పాతసామాను కొట్టువాడు ఇచ్చేది ఇంతకు మించదు.