ఎదలో ఉన్నది ఏ ఆవు?

మందలో ఒక ఆవు మరో ఆవు మీదికి ఎక్కుతోంది. ఎదలో ఉన్నది ఏది? చాలామంది ఎక్కే ఆవునే చూపిస్తారు. అది కూడా ఎదలో ఉండొచ్చు, లేదా ఇంకొన్ని గంటల్లో ఎదకు రాబోతూ ఉండొచ్చు. కానీ కచ్చితంగా చెప్పేది కిందనున్న ఆవు. మరో పశువు మీద పడుతున్నా తప్పుకోకుండా అది కదలక నిలబడిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంటి వెనక గుంజకు కట్టేసిన ఒంటి ఆవుకు ఆ అవకాశం ఉండదు. అలాంటప్పుడు ఆవు తీరులో మార్పే ఆధారం. ఊరికే అరుస్తుంది, మేత సరిగా ముట్టదు, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. ఆ పూట పాలు తగ్గుతాయి. మానం కాస్త ఉబ్బి, లోపలి పొర ఎర్రబడుతుంది. గుడ్డు తెల్లసొనలాంటి తేటైన తీగలు వేలాడతాయి, తోకకు అంటుకుని ఎండిపోతాయి. తీగల్లో చీము కనిపిస్తే మాత్రం గర్భసంచికి జబ్బు సోకినట్టు అనుమానించాలి. అప్పుడు ముందు వైద్యం, ఆ తర్వాతే కృత్రిమ గర్భధారణ సూది.

ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. అండం విడుదలయ్యేది అది ముగిశాక, దాదాపు 10-12 గంటలకు. ఆపైన అది బతికేది కొద్ది గంటలే. అందుకే పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించమంటారు. 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ చేసిన పరిశోధనలతో స్థిరపడిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఎద ముగిసిన ఒకటి రెండు రోజులకు కొన్ని ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో, కాస్త రక్తం కనబడుతుంది. అది జబ్బు కాదు, అదను దాటిపోయిందని అర్థం.

గేదెల సంగతి వేరు. తెలుగు రాష్ట్రాల్లో పాడికి పెద్ద అండ గేదెలే, వాటిలోనే లక్షణాలు పైకి సరిగా కనిపించని మూగ ఎద ఎక్కువ. అవి ఒకదానిమీద ఒకటి ఎక్కడం అరుదు. తీగలు కూడా అంతగా వేలాడవు, పడుకున్నప్పుడు నేలమీద పడతాయి. పైగా ఎద లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున బయటపడతాయి. వేసవిలో మరీ మందగిస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లారకముందే మరోసారి కొట్టంలోకి వెళ్లి గేదె పడుకున్న చోటు చూడటం ఏ మందుకన్నా మేలు చేస్తుంది. రోజూ చేపే గేదె ఆ పూట సరిగా చేపకపోయినా అనుమానించాల్సిందే. పెద్ద ఫారాల్లో వేసెక్టమీ చేసిన దున్నను మందలో తిప్పి ఎదను పసిగడతారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే లెక్క అంత బిగువుగా ఉంటుంది. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లో మళ్లీ చూడి కట్టాలి. గర్భసంచి కుదురుకోవడానికి రెండు నెలలు వదిలేస్తే చేతికి దక్కేది ఒక ఎద, మహా అయితే రెండు. ఒకటి తప్పిందా, మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాల మేత, దాణా ఖర్చంతా రైతు నెత్తినే.

సూది వేయించిన తేదీని గోడమీది క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. 18వ రోజు నుంచి పశువును మళ్లీ కనిపెట్టి చూడండి. తిరిగి ఎదకు రాలేదు కదా అని చూడి కట్టిందనుకోవద్దు, మూగ ఎద దాటిపోయి ఉండొచ్చు. మూడో నెలలో పశువైద్యుడి చేత చూడి పరీక్ష చేయించండి.