చలి నెలల్లో ఇంటి హాయి – నాలుగు చేతి పనులు

మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. గ్రంథాలు ఈ నాలుగు నెలలను శీతకాలంగా చెప్పినా, మా ఇబ్రహీంపట్నం వైపు అసలు చలి కార్తికం చివరి నుండి మాఘం నడుమ వరకే. కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు మీదుగా వచ్చే వేకువ గాలి తగలగానే వృద్ధుల మోకాళ్లు ముందుగా కబురు చెబుతాయి.

ఈ రోజుల్లో నా వద్దకు వచ్చేవారిలో చాలామంది మూడు మాటలు చెబుతారు: కీళ్లు పట్టేశాయి, చర్మం పగిలింది, పొద్దు పోవడం లేదు. మొదటి రెండింటికీ మందు ఇవ్వగలను. మూడవదానికి నా అలమరలో మందు లేదు. అయితే ఈ మూడింటికీ కలిపి ఉపకరించే సాధనాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

శాస్త్రం ఏమంటుంది?

చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలో ఋతుచర్య వివరించబడింది. బయటి చలిగాలి వల్ల శరీరంలోని ఊష్మం లోపలే నిలిచి, హేమంతంలో జఠరాగ్ని బలపడుతుంది. ఆ అగ్నికి తగిన ఆహారం అందకపోతే అది దేహంలోని రసాన్నే హరిస్తుంది. దానితో వాతం ప్రకోపిస్తుంది. అందుకే ఈ కాలానికి కొత్త బియ్యం, పాలు, బెల్లం, నూనె, తైలాభ్యంగనం, వెచ్చని ఇల్లు, మందమైన కప్పుడు వస్త్రాలు విధించారు. మన పెద్దల చలికాలపు పనులన్నీ ఈ సూత్రం చుట్టూ అల్లుకున్నవే.

1. సకినాలు

మన తెలంగాణలో సంక్రాంతికి సకినాలు లేని ఇల్లు అరుదు. కిలో కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి మీదనే పిండి పట్టించండి. 200 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు కలిపి, వేళ్ల మధ్య నుండి జారేలా తడపండి. నూలుగుడ్డపై మూడు నాలుగు చుట్లు తిప్పి, గుడ్డ తడి పీల్చుకునే వరకు ఆగి, ఆపై నూనెలో వేయించండి. తడి ఆరకుండా వేస్తే నూనెలో పేలుతాయి. పిల్లలను పొయ్యికి దూరంగా ఉంచాలి.

కొత్త బియ్యం గురువు, అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేది. అగ్ని బలంగా ఉన్న ఈ ఋతువే దానికి తగినది. నువ్వులు వాతాన్ని అణచుతాయి, వాము జీర్ణానికి తోడ్పడుతుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. నువ్వుల ఉండల విషయంలో ఒక మాట: బెల్లం చక్కెర కంటే సాత్వికమని మధుమేహులు చనువుగా తింటున్నారు. రక్తంలో చక్కెరను పెంచడంలో రెండింటికీ పెద్ద భేదం లేదు.

2. సున్నిపిండి

పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, మెంతులు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, ఎండిన నారింజ తొక్కలు గుప్పెడు, పసుపు రెండు చెంచాలు. అన్నీ ఎండబెట్టి మెత్తగా పట్టించి, తడి తగలని డబ్బాలో ఉంచండి. కొన్ని ఇళ్లలో బావంచాలు కూడా కలుపుతారు. ఆ పిండి రాసుకుని ఎండలో కూర్చుంటే కొందరికి చర్మం కమిలి పొక్కులు వస్తాయి. వాటిని మానడమే మేలు.

స్నానానికి అరగంట ముందు గోరువెచ్చని నువ్వులనూనెను ఒంటికి, ముఖ్యంగా తలకు, పాదాలకు మర్దించాలి. జ్వరం, కఫంతో కూడిన దగ్గు, అజీర్ణం ఉన్ననాడు అభ్యంగనం కూడదు. వృద్ధులు అరికాళ్ల నూనెను తుడుచుకున్న తరువాతే స్నానాల గదిలో అడుగుపెట్టాలి.

3. ఇసుక మూట

జానెడు పొడవున రెండు పొరల నూలుగుడ్డతో సంచి కుట్టండి. జల్లించిన శుభ్రమైన ఇసుకను ఇనుప మూకుడులో వేడిచేసి, కొంత చల్లారనిచ్చి, అందులో పోసి మూతి కట్టండి. ముందుగా మీ ముంజేతిపై వేడి చూసుకుని, నొప్పి ఉన్నచోట పది నిమిషాలు కాపడం పెట్టండి. ఇదే వాలుకా స్వేదం. ఎర్రబడి వాచిన కీలుపై దీనిని పెట్టరాదు. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి అసలే కూడదు. కాలినా వారికి తెలియదు.

4. బొంత

నాలుగైదు పాత నూలుచీరలు పొరలుగా పరచి, అంచుల నుండి నడుమకు వరుస కుట్లు వేస్తే బొంత సిద్ధం. పొరల నడుమ నిలిచే గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. మాకు తూర్పున ఉన్న పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవారు నూలును ఆముదపు కాయల బూడిదనీటిలో, నూనెలో పలుమార్లు తడిపి ఆరవేస్తారు. ఆ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన బొంతకు అంత నేర్పు అవసరం లేదు. సూది, దారం, ఓపిక చాలు. ఎండలో కూర్చుని కుట్టే అమ్మమ్మకు వేళ్లు కదులుతాయి, పక్కన సూదిలో దారం ఎక్కించే మనవరాలితో మాట కలుస్తుంది. పొద్దు పోవడం లేదన్న వారికి నేను మొదట చెప్పేది ఈ పనే.

తప్పక పాటించవలసినవి

చలికి తాళలేక తలుపులు, కిటికీలు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రించడం ప్రాణాంతకం. బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే మనిషిని కబళిస్తుంది. కుంపటి ఆరుబయటనే ఉండాలి.

పసిపిల్లలకు జలుబు తగ్గుతుందని ముక్కులో నూనె వేయడం, గొంతులో ఆముదం పోయడం మానాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. మా చేలల్లో పండే ఆముదపు గింజలు కూడా విషమే. ఇంట్లో వంటాముదం తీసేవారు గింజలను పిల్లలకు అందనీయకూడదు.

ఔషధం అనగానే సీసాను, మాత్రను తలచుకోవడం ఈనాటి అలవాటు. మా గురుకులంలో చలికాలపు ఉదయాలు విద్యార్థులమే చూర్ణాలు దంచేవాళ్లం. రోకలి పట్టినవాడికి దుప్పటి అవసరమయ్యేది కాదు. మీ ఇంట కూడా ఈ ఆదివారం ఒక పని మొదలుపెట్టండి. పెద్దలకు చెప్పే పని, పిల్లలకు చేసే పని అప్పగించండి.