మామూలు పిట్టకూ ఓ ఫొటో

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో అడవి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పలేం. పత్తి, మిరప చేలు దాటగానే టేకు, తునికి, ఇప్ప చెట్లు వస్తాయి. అవి దాటితే మళ్లీ జామాయిల్ తోటలు, ఊళ్లు. ఈ ప్రాంతంలో ప్రకృతి ఫొటోలనగానే చాలామందికి గుర్తొచ్చేది 1977లో అభయారణ్యంగా ప్రకటించిన కిన్నెరసాని. అక్కడి జలాశయం, అందులోని మొసళ్లు కెమెరా ఉన్నవాళ్లను రప్పించుకోవడం సహజమే. అయితే ఈ నేలకు ఇప్పుడు అంతకన్నా అవసరమైన ఫొటోలు వేరే ఉన్నాయి. ఇంటి పెరట్లో, ఖమ్మం లకారం చెరువు గట్టు మీద, చేనుకు పోయే బాటలో రోజూ కనిపించే పిట్టలవి, పురుగులవి, చెట్లవి. మామూలు జీవులు మామూలుగా కనిపిస్తున్నప్పుడే వాటిని తేదీతో, చోటుతో సహా నమోదు చేసుకోవాలన్నది నా వాదన.

జ్ఞాపకాన్నే నమ్ముకుంటే ఎంత పొరపడతామో రెండు పిట్టలు చూపించాయి. పిచ్చుక అంతరించిపోతోందని ఏళ్ల తరబడి బాధపడ్డాం. దేశమంతటా పక్షులను గమనించేవారు రాసుకున్న జాబితాలను విశ్లేషించి 2020లో వెలువరించిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక మాత్రం, పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తమ్మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని తేల్చింది. పాలపిట్ట సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు కనిపిస్తే శుభమని వెతుక్కుంటాం. కరెంటు తీగ మీద కనిపిస్తూనే ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. 942 జాతులను పరిశీలించిన 2023 నివేదిక, బాగా తగ్గిపోయిన పక్షుల్లో పాలపిట్టనూ చేర్చింది, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని సూచించింది. ఈ లెక్కలకు పునాది వేసింది సుమారు 30 వేల మంది పక్షి పరిశీలకులు. అలాంటి జాబితాలో అనుమానం వచ్చిన చోట నిజం తేల్చేది ఫొటో. పురుగులు, మొక్కల విషయంలోనైతే ఫొటో లేకుండా పేరు చెప్పడమే కష్టం.

ఈ పని అడవి అంచున మరీ అవసరం. అడవి లోపల గస్తీ ఉంటుంది, నాలుగేళ్లకోసారి పులుల లెక్క కోసం కెమెరాలు కడతారు. అంచున జరిగే మార్పును నమోదు చేసే ఏర్పాటు అంతగా లేదు. మార్పు వేగంగా జరుగుతున్నది మాత్రం అక్కడే. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటలు విస్తరించాయి. భద్రాచలం చుట్టుపక్కల జామాయిల్ పెరిగింది. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాటిలో ముంపు ఊళ్ల పెరళ్లు, చింతతోపులు నీటి పాలైతే అక్కడ ఏ పిట్ట గూడు కట్టేదో చెప్పడానికి తర్వాత ఆధారం దొరకదు.

పెరట్లో చూడటానికి ఏముందన్నది ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. కరివేపాకు మొక్క దగ్గర కాసేపు నిలబడితే జవాబు దొరుకుతుంది. లేత ఆకు మీద లేతపసుపు రంగులో గుండ్రటి గుడ్డు ఒకటి ఉంటుంది. అందులోంచి వచ్చే గొంగళి మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే పక్షులు దాని జోలికి రావు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండుగా చీలిన కొమ్ము లాంటిది బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. నిమ్మ, కరివేపాకు తినే ఈ గొంగళే నలుపు, పసుపు మచ్చల సీతాకోకగా ఎగిరిపోతుంది. తొలకరికి నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగునే తీసుకోండి. దగ్గరగా తీసిన ఫొటోలో కాళ్లు లెక్కపెడితే ఎనిమిది తేలతాయి, కాబట్టి అది కీటకం కాదు, సాలీడుకు బంధువు. ఏటా అది మొదట కనిపించిన రోజున ఫొటో తీసి పెట్టుకుంటే, వానలు ఆ ఊరి నేలను ఎప్పుడు తడిపాయో చెప్పే వరుస తయారవుతుంది.

ఖరీదైన కెమెరా, బారెడు లెన్సు లేనిదే ఈ పని కాదన్నది రెండో అభ్యంతరం. ఎగిరే డేగ విషయంలో అది నిజమే. పువ్వుకు, పురుగుకు, తొండకు, చెట్టుకు మామూలు ఫోను చాలు. పొద్దున్నే ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడు వెళ్లి, పురుగు ఎత్తుకు వంగి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అది కూర్చున్న ఆకుతో కలిపి ఒకటి తీస్తే గుర్తుపట్టడానికి సరిపోతుంది. ఫోను సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే తేదీ, చోటు ఫొటోతోనే నిలుస్తాయి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. మసకగా వచ్చినా తేదీ, చోటు ఉన్న ఫొటో, అవేవీ లేని అందమైన ఫొటో కన్నా విలువైనది.

మూడో అభ్యంతరం బరువైనది. ఫొటోల పిచ్చితో జనం గూళ్లను చెదరగొడతారనీ, చోటు బయటపడితే వేటగాళ్లకు దారి చూపినట్టవుతుందనీ అంటారు. ఈ భయానికి ఆధారం ఉంది. దసరాకు చూపించి డబ్బు చేసుకోవడానికి పాలపిట్టలను పట్టి పంజరాల్లో పెట్టిన సందర్భాలున్నాయి. కాబట్టి గూడు దగ్గరికి పోకూడదు. అడ్డొచ్చిందని కొమ్మ వంచకూడదు, మేత వేసి రప్పించకూడదు. అలుగు, నక్షత్ర తాబేలు వంటివి కనిపిస్తే చోటు చెప్పకూడదు. ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన చోటును ఐనాచురలిస్ట్ కూడా మరుగుపరుస్తుంది. ఈ నియమాలు పాటిస్తే మామూలు జీవుల నమోదులో లాభమే ఎక్కువ.

ఈ పిట్టలు, పురుగులు, చెట్లన్నీ ఇక్కడి ఆదివాసులైన కోయలకు, కొండరెడ్లకు ఎప్పటినుంచో తెలుసు, కొత్తగా ఫొటోలెందుకని మరికొందరు అడుగుతారు. తెలుసన్నది నిజం. ఆ తెలివిడి రాతకెక్కకపోతే పెద్దవాళ్లతోనే పోతుందన్నదీ నిజమే. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల జీవితాన్ని పరిశీలించి 1945లో పుస్తకం వేశాడు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. బయటినుంచి వచ్చిన ఒక మనిషి వల్లే ఆ కాలపు ఆనవాళ్లు మిగిలాయి. ఇప్పుడు ఆ పనికి మరొకరు రావాల్సిన అవసరం లేదు. ఆశ్రమ పాఠశాల పిల్లలు బడి ఆవరణలోని ఇప్పచెట్టు ఎప్పుడు పూసిందో ఏటా ఫొటో తీసి, అక్కడ వాలిన పిట్టకు అవ్వ చెప్పే కోయ పేరు పక్కన రాసిపెట్టవచ్చు. ఏ ఊరి సంగతి ఆ ఊరివాళ్లే రాసుకుంటే ఏది మిగిలిందో, ఏది తగ్గిందో రేపు ఆధారంతో మాట్లాడగలం. అడవి అంచున నివసించేవారికి అలా రాసుకునే హక్కు ఉంది. దాన్ని ఈ ఏడాదే వాడుకోవడం మొదలుపెట్టాలి.